నిలువని మంత్రివర్గములు, తీరని లోటులు

ప్రభుత్వపు లెక్కలలో లోటు కనబడినప్పుడెల్ల మనలో ఒక మాట వినవచ్చుచుండును. "ఓట్ల ప్రభుత్వము గనుక ఇట్లున్నది, గట్టిగా ఆజ్ఞాపింపగలవాడు ఒక్కడుండిన ఈ దుబారా జరుగదు" అని. ఈ మాట చదువుకొన్నవారును అందురు, సంతలో బేరమాడువారును అందురు. వినుటకు లోకజ్ఞానమువలెనే తోచును. ఎన్నికలలో నిలుచువాడు పన్నులు పెంచెదనని చెప్పి ఓటు అడుగడు. ఖర్చులు తగ్గించెదనని చెప్పి అంతకంటెను అడుగడు. కావున ప్రజాస్వామ్యమునకును లోటు బడ్జెటునకును పుట్టుకతోనే చుట్టరికము కలదని పలువురు నిశ్చయించుకొనిరి. ఈ నిశ్చయము ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి చూతము.

లోటు అనగా సంవత్సరములో ప్రభుత్వమునకు వచ్చు రాబడికంటె వ్యయము మించుట. మించిన వ్యయమునకు ధనము ఆకాశమునుండి ఊడిపడదు. స్వదేశములోని పొదుపుదారులవద్దనో, విదేశీయులవద్దనో అప్పు తేవలెను. లేదా కేంద్రబ్యాంకుచేత నోట్లు అచ్చువేయింపవలెను. అప్పు తెచ్చినచో దానిని రాబోవు సంవత్సరముల పన్నుదారు తీర్చవలెను. నోట్లు అచ్చువేసినచో ధరలు పెరిగి నేటి కూలివాడును, పింఛనుదారును తమ మూటలోని డబ్బు విలువ తరిగిపోవుట రూపమున ఆ పన్ను చెల్లింతురు. యుద్ధమో, వరదయో వచ్చినప్పుడును, రేపటి రాబడిని పెంచు ఆనకట్ట కట్టునప్పుడును అప్పు చేయుట తప్పు గాదు. ఏటేట ఇంటి బియ్యమునకే అప్పు చేయుట వేరు. మనము విచారించునది ఈ రెండవదానినిగూర్చి.

ఏడాది కౌలుకు పొలము తీసికొన్న రైతు ఆ పొలమునకు చెరువుమట్టి తోలించునా? మట్టి సారము కొన్ని పంటలవరకు నిలుచును. మరుసటి ఏడు పొలము ఎవరి చేతిలో నుండునో తెలియదు. అతడు సోమరియు గాడు, దుర్మార్గుడును గాడు. కౌలు గడువే అతనికి ఆ బుద్ధి నేర్పినది. రేపటివరకు నిలుతునో లేదో తెలియని మంత్రివర్గపు స్థితియు ఇట్టిదే. మంచి పేరు వచ్చు ఖర్చు తాను చేయును. చెడ్డపేరు తెచ్చు పన్ను తరువాత వచ్చువానికి విడుచును. అలెసీనా, తబెల్లినీ అను ఇద్దరు ఇటలీ దేశపు అర్థశాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన సిద్ధాంతమునకును సారాంశ మిదియే: తన తరువాత ప్రత్యర్థియే వచ్చునని తలచు ప్రభుత్వము అప్పుచేసి పోవుటకు మొగ్గుచూపును, ఏలయన, ఆ అప్పు ప్రత్యర్థి చేతులను కట్టివేయును. ఇది ప్రజాస్వామ్యపు దోషమా, గడువుయొక్క దోషమా అనునదే ప్రశ్న.

మొదట ఒక సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. లోటు ప్రజాప్రభుత్వముకంటె వయసున పెద్దది. ఫ్రాన్సు రాజు పదునారవ లూయీకి ఎన్నికల భయము లేకుండెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమునకు తోడ్పడుటకై ఆయన ప్రభుత్వము అపారముగా ఋణములు చేసెను. 1781లో ఆర్థికాధికారి నెకేర్ రాజ్యపు లెక్కలను మొదటిసారి అచ్చువేయించి ప్రజలముందు పెట్టినప్పుడు యుద్ధవ్యయములను ప్రక్కన నుంచి, మిగులే ఉన్నట్లు చూపెను. 1787లో ప్రముఖుల సభను పిలిచి భూములపై అందరికిని పన్ను వేయుదుమనగా, పన్ను మినహాయింపులు గల ఆ ప్రముఖులు అంగీకరింపలేదు. 1788 నాటికి రాజ్యవ్యయములో దాదాపు సగము అప్పుల క్రిందనే పోవుచుండెను. గత్యంతరము లేక రాజు 1614 తరువాత ఎన్నడును సమావేశపరుపని మహాసభను 1789 మే 5వ తేదీన వెర్సేలో సమావేశపరచెను. తరువాతి కథ లోకవిదితము. ప్రజాస్వామ్యము లోటును కనినదనుకొందుము గాని, ఆ దేశమున లోటే ప్రజాస్వామ్యమును కనినది.

ఆ ఫ్రాన్సులోనే నూరుసంవత్సరముల పైచిలుకు కాలము గడచిన తరువాత మన ప్రశ్నకు సరియైన పరీక్ష జరిగినది. అప్పుడు రాజు లేడు. ప్రతినిధుల సభయు, సెనేటును గల మూడవ రిపబ్లిక్కు కలదు. మొదటి ప్రపంచయుద్ధపు ఖర్చులో పన్నులవలన రాబట్టినది స్వల్పభాగమే. మిగిలినది అప్పు. ఆదాయపు పన్ను శాసనము 1914 జూలైలో, యుద్ధము ముంగిట నిలిచియున్నప్పుడు మాత్రమే ఆమోదము పొందినది. యుద్ధకాలమున ప్రభుత్వము దేశరక్షణ బాండ్లను అమ్మెను. కొన్ని నెలల గడువుగల ఆ పత్రములను రైతులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, వితంతువులు కొని పెట్టెలలో దాచుకొనిరి. గడువు తీరినప్పుడు మరల క్రొత్త పత్రము తీసికొనుట ఆచారము. ఆచారము సాగినంతకాలము భయము లేదు. అందరును ఒక్కసారి "మా డబ్బు మాకిండు" అనినచో ఖజానాలో అంత డబ్బు లేదు.

యుద్ధము ముగిసినది. కూలిన పట్టణములను మరల కట్టవలెను. ఆ డబ్బు ఎవరిది? "జర్మనీ చెల్లించును" అని రాజకీయనాయకులు చెప్పిరి. 1920 నుండి ఫ్రాన్సు రెండు బడ్జెట్లు వ్రాసికొనెను. ఒకటి సాధారణ బడ్జెటు. రెండవది "జర్మనీనుండి రాబట్టదగిన వ్యయముల" బడ్జెటు. రెండవదానిలోని ఖర్చు నిజము, రాబడి ఊహ. 1921లో జర్మనీపై 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారము విధించిరి గాని, వచ్చినది స్వల్పము. 1923 జనవరిలో ఫ్రెంచి ప్రధాని పువాంకరే రూర్ ప్రాంతమునకు సైన్యమును పంపినను ఊహ నిజము కాలేదు. కుడిపక్షమువారును, ఎడమపక్షమువారును తమ ఓటర్లకు పన్ను చెప్పవలసిన అవస్థనుండి తప్పించుకొనుటకే ఈ రెండవ బడ్జెటు ఉపయోగపడినదని మా అభిప్రాయము.

యుద్ధమునకు ముందు ఇంగ్లీషు పౌనుకు 25 ఫ్రాంకులు. 1924 మార్చిలో 120కి పడిపోయెను. పువాంకరే అమెరికాలోని మోర్గన్ సంస్థనుండి 10 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి, పన్నులను నూటికి ఇరువదివంతున పెంచెను. ఫ్రాంకు కోలుకొనెను. కాని మే నెలలో ఎన్నికలు వచ్చెను. పన్ను పెంచినవాడు ఓడెను. ఎడమపక్షముల కూటమి గెలిచెను. ఎరియో ప్రధాని అయ్యెను. "ఇదిగో, ఓట్ల ప్రభుత్వపు గతి!" అని పై మాట చెప్పినవారు ఇక్కడ సంతోషింతురు. కొంచెము ఓపికపట్టవలెను.

ఎరియో కూటమిలో సోషలిస్టులు బయటనుండి బలపరచువారు, మంత్రిపదవులు తీసికొనలేదు. వారి కోరిక ధనికుల ఆస్తిపై ఒక్కసారిగా పన్ను వేయవలెనని. కూటమిలోని రాడికల్ పక్షమునకు చిన్న ఆస్తిపరులైన ఓటర్లు పలువురు గలరు. వారికా మాట గిట్టదు. ప్రతిపక్షమువారు వస్తువులపై పన్ను వేయుమనిరి. అది సోషలిస్టులకు గిట్టదు. ఎవరికి వారే యమునాతీరే. పన్ను అవసరమని అందరును ఒప్పుకొనిరి. ఎవరిపై ననునది మాత్రము తేలలేదు. ఈలోగా బాండ్లు గలవారు ఆస్తిపన్ను మాట విని భయపడి, గడువు తీరిన పత్రములను తిరిగి వ్రాయించుకొనుట మానిరి. ఖజానాకు ఒక్కటే దారి మిగిలినది: ఫ్రాన్సు బ్యాంకు. అచ్చువేయదగిన నోట్లకు శాసనము 4,100 కోట్ల ఫ్రాంకుల పరిమితి విధించియుండెను. ఆ పరిమితి రహస్యముగా దాటినది. దాటిన సంగతి కనబడకుండ బ్యాంకు తన వారపు లెక్కలను సవరించి ప్రకటించెను. 1925 ఏప్రిలులో గుట్టు బయటపడినది. సెనేటు ఎరియోను దించివేసెను.

అది మొదలు 1926 జూలైవరకు ఆర్థికమంత్రిపదవి సత్రపు అరుగువలె అయినది. ద మొంజీ, కాయో, పాన్‌లెవే, లూషేర్, దూమేర్, పెరే, మరల కాయో, మరల ద మొంజీ. లూషేర్ ఉన్నది మూడు వారములకు లోపే. ప్రతివాడును ఒక ప్రణాళిక తెచ్చెను. ప్రతి ప్రణాళికను సభ చంపెను. చంపినవారిలో ముందటి మంత్రి మిత్రులును ఉండిరి. ఇక్కడ గమనింపదగిన విశేషము కలదు. 1926 వసంతమున పన్నులు కొంత పెరిగి, సాధారణ బడ్జెటు దాదాపు సమతూకమునకు చేరినది. అయినను ఫ్రాంకు పడుచునే ఉండెను. లోటు ఎంత అనుదానికంటె, దానిని మూయు మాట ఇచ్చినవాడు రేపు ఉండునా అను సందేహమే జనులను ఎక్కువ బాధించినది. జూలైలో పౌనుకు 240 ఫ్రాంకుల చేరువ. పారిస్‌లో డాలర్లు, పౌనులు చేతబట్టుకొని చౌకగా విలాసముగా తిరుగు విదేశీయాత్రికులను వీథులలో జనులు నిందించి తరిమిరి. ప్రతినిధుల సభాభవనము వెలుపల గుంపులు గూడెను.

ఆ జూలై 17వ తేదీన కాయో డిక్రీలద్వారా పాలించు అధికారమును కోరెను. సభాధ్యక్షుడుగా నున్న ఎరియో తన పీఠము దిగివచ్చి, అట్టి అధికారము పార్లమెంటునకు అవమానమని మాటలాడెను. ప్రభుత్వము కూలెను. ఎరియోయే మంత్రివర్గము నిర్మించి, కొలది దినములలోనే పడిపోయెను. 23వ తేదీన అరువదియైదేండ్ల పువాంకరే జాతీయైక్యత పేరున మంత్రివర్గము ఏర్పరచి, ఆర్థికశాఖను తానే వహించెను. ఆయనతో కలిపి ఆరుగురు ప్రధానులుగా పనిచేసినవారు అందులో నుండిరి. నిన్న అతని ప్రత్యర్థియైన ఎరియో విద్యామంత్రిగా ఆ బల్లముందు కూర్చుండెను.

ఫ్రాంకు వెంటనే కోలుకొనసాగెను. మంత్రమేమి? పువాంకరే వస్తువులపై పన్నులు పెంచెను. ఆదాయపు పన్నులోని అత్యధికపు రేటును 60 శాతమునుండి 30కి తగ్గించెను. కొన్ని చిన్న ప్రభుత్వ కార్యాలయములను, న్యాయస్థానములను డిక్రీలచే ఎత్తివేసెను. ఆగస్టు 10న రెండు సభలను వెర్సేలో కూర్చి, అప్పు తీర్చుటకై ప్రత్యేకనిధిని రాజ్యాంగములోనే చేర్పించెను. పొగాకు గుత్తాధికారపు ఆదాయమును ఆ నిధికి కట్టబెట్టెను. మరియొక మంత్రివర్గము వచ్చినను దానిని తాకరాదు. అనగా తన గడువు ముగిసిన తరువాతకూడ తన మాట నిలుచునట్లు చేసెను. సంవత్సరాంతమునకు పౌను 120 ఫ్రాంకుల ప్రాంతమునకు దిగినది. 1928 జూన్‌లో ఆ విలువనే శాసనము స్థిరపరచినది.

ఇచట రెండు సంగతులు మరువరాదు. ఈ పని చేసినది క్రొత్తగా ఎన్నికైన సభ కాదు. 1924లో పువాంకరేను ఇంటికి పంపిన సభయే, మంత్రులను ఒకరి వెనుక ఒకరిని కూల్చిన సభయే, ఆ సభ్యులే, కాయోకు నిరాకరించిన అధికారమును పువాంకరేకు ఒసగిరి. రెండవది: స్థిరపడిన ఫ్రాంకు విలువ యుద్ధమునకు ముందరి విలువలో ఐదవవంతు మాత్రమే. 1914కు ముందు వంద ఫ్రాంకులు ప్రభుత్వమునకు నమ్మి యిచ్చిన వృద్ధురాలికి తిరిగివచ్చినది ఇరువది. ఎనిమిదేండ్లపాటు ఎవరు చెల్లింపవలెనని వాదులాడిన పక్షములలో చివరకు ఎక్కువగా చెల్లించినవారు ఏ పక్షపు బల్లపైనను కూర్చుండనివారే. అలెసీనా, డ్రాజెన్ అనువారు 1991లో ఇట్టి ఆలస్యమును ఓపిక యుద్ధముతో పోల్చిరి. ప్రతి వర్గమును ఎదుటివాడే ముందు అలసిపోయి భారము మోయునని ఎదురుచూచును. చూచినంతసేపును ఖర్చు పెరుగుచునే ఉండును.

"ఇంత బాధ ఏల? ఒక్క సైన్యాధిపతిని తెచ్చి కూర్చుండబెట్టిన సరిపోయెడిది కదా" అనువారికి అదే 1926లో పోర్చుగల్ జవాబు చెప్పినది. అక్కడ 1910లో రిపబ్లిక్కు ఏర్పడినది. పదునారేండ్లలో దాదాపు 45 మంత్రివర్గములు మారినవి. ఖజానా లోటులతో, ఎస్కూదో నాణెము పతనముతో జనులు విసిగిరి. 1926 మే 28న సైన్యము లేచి పార్లమెంటును మూసివేసెను. లోటు తగ్గినదా? తగ్గలేదు. సైనికప్రభుత్వము సైన్యముపై మరింత ఖర్చుచేసెను. చివరకు నానాజాతిసమితినుండి అప్పు అడుగగా, సమితి లెక్కలపై పర్యవేక్షణము కోరినది. దానిని అవమానముగా తలచి వీరు మానుకొనిరి. 1928 ఏప్రిలులో కోయింబ్రా విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రాచార్యుడు సలజార్‌ను ఆర్థికమంత్రిగా తెచ్చిరి. అన్ని శాఖల ఖర్చుపైనను తనకు నిరోధాధికారము ఉండవలెనని అతడు కోరి పొందెను. బడ్జెటు సమతూకమునకు వచ్చినది, ఇది నిజము. కాని ఆ ఆచార్యుడు 1932లో ప్రధాని అయ్యెను, 1968వరకు దిగలేదు. పత్రికలకు సెన్సారు, రహస్యపోలీసు, ఏకపక్షపాలన దేశమునకు ప్రాప్తించెను. మన గోవాను 1961 డిసెంబరులో భారతసైన్యము విముక్తము చేయువరకు వదలనిది ఆ ప్రభుత్వమే. ఆ సంవత్సరమే అంగోలాలో మొదలైన వలసయుద్ధములు పదమూడేండ్లు ఆ ఖజానాను పీల్చినవి. అడుగువాడు లేడు గనుక ఆపువాడును లేకపోయెను. 1974 ఏప్రిలు 25న గాని ఆ దేశమున మరల ప్రజలు ఊపిరి పీల్చుకొనలేదు. సమతూకపు బడ్జెటునకు వారిచ్చిన వెల దాదాపు అర్ధశతాబ్దపు నోరు.

ఇక మన ఇంటికి వత్తము. ఫ్రాన్సు కథలోని పాత్రలన్నియు మన దేశచరిత్రలోను వేరు వేషములతో కనబడును.

మన రాజ్యాంగపు 292వ అధికరణము కేంద్రప్రభుత్వపు అప్పుకు శాసనముద్వారా పరిమితి విధించు అధికారమును పార్లమెంటునకు ఒసగినది. అర్ధశతాబ్దముపాటు పార్లమెంటు అట్టి శాసనము చేయలేదు. దీనికితోడు 1955 నుండి ఒక సులభమార్గము ఏర్పడినది. ప్రభుత్వపు ఖాతాలో నిలువ కొంత మొత్తమునకు తగ్గగానే రిజర్వు బ్యాంకు తాత్కాలిక ట్రెజరీ బిల్లులు పుచ్చుకొని డబ్బు జమకట్టును. తాత్కాలికమన్నది శాశ్వతమైనది. ఫ్రాన్సు బ్యాంకు దొంగచాటుగా చేసిన పని మనకు నిత్యకృత్యముగా, చట్టబద్ధముగా జరిగిపోయెను. 1979–80 నుండి రెవెన్యూ ఖాతాలోనే లోటు కనబడసాగినది. అనగా ఆనకట్టలకు గాక జీతములకును, సబ్సిడీలకును, వడ్డీలకునుగూడ అప్పు చేయుచుంటిమి. 1970ల నడుమ జాతీయోత్పత్తిలో 4 శాతముగా నున్న కేంద్రపు ద్రవ్యలోటు 1980ల మొదట 6 శాతము, 1990–91లో 8 శాతము దాటినది. 1980లలో చాలకాలము కేంద్రమున బలమైన మెజారిటీగల ప్రభుత్వములే ఉండినవని కూడ ఇచట ఒప్పుకొనవలెను. స్థిరత్వమొక్కటే మందు కాదు. కాని పుండు పగిలినది అస్థిరకాలముననే.

1989 డిసెంబరులో వి. పి. సింగ్ ప్రభుత్వము రెండు వైపుల భిన్నపక్షముల బయటి ఆధారముతో నిలిచినది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుటతో నూనెధర పెరిగినది. గల్ఫ్ దేశములనుండి మనవారు పంపు డబ్బు తగ్గినది. ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వము కూలెను. చిన్న పక్షమునకు నాయకుడైన చంద్రశేఖర్ కాంగ్రెసు ఆధారముతో ప్రధాని అయ్యెను. 1991 మార్చి 4న ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హా పూర్తి బడ్జెటునకు బదులు తాత్కాలిక బడ్జెటుమాత్రమే ఉంచగలిగెను. ఆధారమిచ్చువారు అంతకుమించి ఒప్పుకొనలేదు. రెండు దినములకు చంద్రశేఖర్ రాజీనామా ఇచ్చెను. ఆపద ముంచుకొనివచ్చుచున్న వేళ పన్ను వేయుటకుగాని, వ్యయము కోయుటకుగాని అధికారము గలవాడు లేడు. ఆపద్ధర్మప్రభుత్వము దొంగరవాణాదారులనుండి స్వాధీనము చేసికొన్న 20 టన్నుల బంగారమును తిరిగి కొను షరతుపై స్విట్జర్లాండు బ్యాంకుకు అమ్మెను. ఎన్నికల నడుమ మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగినది.

జూన్ 21న శ్రీ పి. వి. నరసింహారావుగారు ప్రధానులైరి. వంగర గ్రామమువారు, తెలుగువారిలో ఆ పదవికి మొదటివారు. ఆ ఎన్నికలలో ఆయన పోటీచేయలేదు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో గెలిచి లోకసభకు వచ్చిరి. ఆయన పక్షమునకు సభలో సగముకంటె తక్కువ స్థానములు. విదేశీద్రవ్యపు నిలువ రెండువారముల దిగుమతులకు మాత్రమే చాలును. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించిరి. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల కేంద్రబ్యాంకులవద్ద కుదువబెట్టెను. ఇంటి ఇల్లాలి పుస్తెలు తాకట్టుపెట్టినట్లు దేశము సిగ్గుపడినది. జూలై 24న డాక్టర్ మన్మోహన్ సింగ్‌గారు బడ్జెటు సమర్పించుచు దాపరికము లేక లెక్కలు చెప్పిరి: వడ్డీలకే కేంద్రవ్యయములో దాదాపు ఐదవవంతు పోవుచున్నదనిరి. ఎరువుల ధరను 40 శాతము పెంచుదుమనగా సభలో స్వపక్షమువారుకూడ ఎదురుతిరిగిరి. 30 శాతమునకు తగ్గించి చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చిరి. ద్రవ్యలోటు ఆ సంవత్సరము 6 శాతము చేరువకు దిగినది.

కౌలు గడువు సూత్రము ప్రకారము ఈ ప్రభుత్వము ఏమియు చేయకుండవలసినది. మైనారిటీ ప్రభుత్వము, ఏ క్షణమున కూలునో తెలియదు. అయినను చేసెను. విశ్వాసతీర్మానపు వేళ ప్రతిపక్షములలో కొన్ని ఓటింగునుండి తప్పుకొని దానిని నిలువనిచ్చెను. భయము అందరికిని పంచబడినప్పుడు ఓపిక యుద్ధము ఆగునని పారిస్ చెప్పినదానినే ఢిల్లీయు చెప్పినది. భయము తొలగగానే ఏమి జరిగినది? 1993 జూలైలో ఆ ప్రభుత్వము అవిశ్వాసతీర్మానమునుండి స్వల్పమైన మెజారిటీతో బయటపడినది. ఆ 1993–94లో లోటు మరల 7 శాతము ప్రాంతమునకు పెరిగినది. ఆపద నేర్పిన బుద్ధి ఆపదతోనే పోవును. కాబట్టి బుద్ధిని శాసనములో వ్రాసి ఉంచుకొనవలెను.

అట్లు వ్రాసికొన్నవి రెండు. రిజర్వు బ్యాంకునుండి తాత్కాలిక బిల్లులపై అపరిమితముగా తీసికొను పద్ధతి 1994, 1997 ఒప్పందములచే ముగిసి, 1997 ఏప్రిలు 1 నుండి పరిమితిగల చేబదుళ్ల పద్ధతి వచ్చినది. 2003లో పార్లమెంటు ద్రవ్యబాధ్యతా శాసనమును చేసి లోటును 3 శాతమునకు దించవలెనని నిర్దేశించినది. ఇవి దుర్భేద్యమైన కోటలని మనము అనము. ఎన్నికలకు ముందటి 2008–09లో లోటు రెండున్నర శాతమని బడ్జెటులో వ్రాసి, సంవత్సరాంతమునకు 6 శాతము తేలినది. రైతుఋణముల రద్దు, జీతముల పెంపు, నూనె, ఎరువుల సబ్సిడీలు, ప్రపంచపు ఆర్థికసంక్షోభము కలిసి దానిని పెంచినవి. అప్పుడున్నది అయిదేండ్లు నిండుగా సాగిన ప్రభుత్వము. 2020–21లో మహమ్మారి వేళ లోటు 9 శాతము దాటినది. అది ఆపత్కాలపు అప్పు, చేయవలసినదే. శాసనపు ప్రయోజనము లోటును లేకుండజేయుటలో లేదు. గీత దాటినప్పుడు ఎందుకు దాటితివని సభలో అడుగుటకు ఆధారము కల్పించుటలో కలదు.

ఇంతవరకు చూచిన సాక్ష్యమునుబట్టి మేము చెప్పగలిగిన దిది. ఓటు లోటునకు తల్లి కాదు. లోటునకు తల్లి బాధ్యత తప్పించుకొను అవకాశము. రాజుకు ఆ అవకాశము ఎల్లప్పుడును ఉండెను. సైన్యాధిపతికిని ఉండెను. ప్రజాప్రభుత్వములో ఆ అవకాశము మంత్రివర్గములు క్షణికములైనప్పుడును, లెక్కలు రెండు పుస్తకములలో వ్రాసినప్పుడును, కేంద్రబ్యాంకు చాటున నిలిచినప్పుడును కలుగును. తేడా ఏమనగా, ఫ్రెంచి బ్యాంకు తప్పుడు లెక్క ఒక సభ ఉండబట్టియే బయటపడినది. సలజార్ యుద్ధముల ఖర్చును అడుగుటకు సభ లేకపోయెను. ఆలస్యముగా, కలహముతో, అవమానముతోనైనను ప్రజాప్రభుత్వము తన తప్పును తానే దిద్దుకొనగలదు. ఆ దిద్దుబాటు ఆలస్యమైన కొలదియు దాని వెల చెల్లించువారు చిన్న పొదుపుదారులు.

కావున మన కర్తవ్యము కోపగించుకొని సభలను నిందించుట గాదు. ఇప్పుడు ప్రతి ఫిబ్రవరి 1వ తేదీన కేంద్రబడ్జెటు వచ్చును. తరువాత రాష్ట్రముల బడ్జెట్లును వచ్చును. పన్ను ఎంత తగ్గినది, వరము లెవరికి దొరకినవి అని చూచుటతో మనము పత్రికను మడిచివేయుచున్నాము. మరి మూడు అంకెలు వెదకుట కష్టము కాదు: రెవెన్యూ లోటు ఎంత, వడ్డీకి పోవునది ఎంత, బడ్జెటు వెలుపల కార్పొరేషన్ల పేరున చేసిన అప్పు ఎంత. మూడవ అంకె దొరకనిచో, దొరకనందుకే ఎక్కువగా అడుగవలెను. మన గ్రామములో దేవాలయపు లెక్క అడుగువారిని ధర్మకర్త ఇష్టపడకపోవచ్చును. ఆ అడుగువారు ఉన్నంతవరకే దీపమునకు నూనె ఉండును.